ఊపిరికి సరిపోయే కార్డు

మా ఇంట్లో ఇద్దరికీ నీళ్లతోనే పని, కాకపోతే ఎదురెదురు పని. నేను గొడుగులు బాగుచేస్తాను. మా ఆవిడ ఈత నేర్పుతుంది. జనం తడవకుండా నేను అవస్థ పడుతుంటే, ఆవిడ పొద్దున్నే వాళ్లని పిలిచి మరీ నీళ్లలోకి దింపుతుంది. మా పెళ్లయిన కొత్తలో చుట్టాల్లో ఒకాయన, "ఈ సంబంధం తెలిసి కుదిర్చారా, తెలియక కుదిర్చారా?" అని అడిగి తెగ నవ్వాడు. దేవుడు తెలిసే కుదిర్చాడని నా నమ్మకం. ఎందుకు కుదిర్చాడో మాత్రం ఇంకా పూర్తిగా అర్థం కాలేదు.

నాకు ఈత రాదు. అయినా ఇరవై ఏళ్లుగా రోజూ పొద్దున ఆవిడతో ఈతకొలనుకి వెళ్తాను. దుకాణం పదింటికి గానీ తెరవను కదా. గట్టు మీద చెక్కబెంచీ ఒకటి ఉంది. దాని మీద కూర్చుని, కళ్లు మూసుకుని, జపమాల తిప్పుకుంటాను. ఈ అలవాటు భయంలోంచి పుట్టింది. మొదటిసారి ఆవిడ నీళ్లలో మునిగి ఎంతకీ పైకి రాలేదు. ఏం చెయ్యాలో తోచక దేవుడి నామం అనుకుంటూ కూర్చున్నాను. ముప్పై ఎనిమిదోసారి అనేసరికి తల పైకి వచ్చింది. అప్పటినుంచి అదే లెక్క. ఆవిడ ఊపిరి మహా అయితే నలభై నామాలు. నలభై ఒకటోది ఆవిడ నీళ్లలో ఉండగా నేను ఎప్పుడూ అనలేదు.

ఇది ప్రార్థనా, లెక్కా అని ఒక్కోసారి నాకే అనుమానం వస్తుంది. దేవుడి పేరు పెట్టుకుని గడియారం పని చేయించుకుంటున్నానేమో అనిపిస్తుంది. ఎవరినైనా అడుగుదామంటే, చెప్పగలిగినవాళ్లకి ఈతకొలను సంగతి తెలియదు, ఈతకొలనులో వాళ్లకి ఈ గొడవ పట్టదు.

ఒక ఏడాది ఆవిడ దగ్గరికి ఈతకి వచ్చినవాళ్లలో ఒక బస్సు డ్రైవరు ఉండేవాడు. నలభై మూడేళ్ల మనిషి, భారీ విగ్రహం. ఆవిడని పిన్నీ అనీ, నన్ను బాబాయ్ అనీ మొదటిరోజే వరస కలిపేసుకున్నాడు. అతను నడిపే రూటు ఎత్తేశారు. కావాలంటే నది దాటించే పెద్ద పడవ మీద ఉద్యోగం ఇస్తామన్నారు, స్టీరింగు దగ్గరే. షరతు ఒక్కటి. గోడ పట్టుకోకుండా, నేల ఆనకుండా యాభై మీటర్లు, అంటే మా కొలను ఈ చివర నుంచి ఆ చివరకి ఈది చూపించాలి. మూడు అవకాశాలు. రెండు అయిపోయాయి. రెండుసార్లూ ముప్పై అయిదు మీటర్ల దగ్గర కాళ్లు కిందికి దిగిపోయి, నిలువునా నిలబడిపోయాడు. మూడోది శనివారం. అదీ పోతే టైర్ల గోడౌన్‌లో కాపలా కూర్చోవాలి.

"రోడ్డు లేని చోట బండి తోలాలి పిన్నీ," అనేవాడు. "సిగ్నలు లేదు, ఆటో అడ్డం రాదు, వెనక హారన్ కొట్టేవాడు లేడు. ఒక్కసారి తోలితే చాలు, జన్మ ధన్యం."

"ముందు నీ కుడికాలు సంగతి చూడవయ్యా," అనేది మా ఆవిడ.

గొడవంతా ఆ కుడికాలు గురించే. సగం కొలను దాటి అలిసిపోయాక అతను కుడి మోకాలు వంచి, పాదం కిందికి తొక్కుతున్నాడని ఆవిడ అంటుంది. అతను ఒప్పుకోడు. పైనుంచి చూస్తే నురుగు తప్ప ఏమీ కనబడదు. ఆవిడ నీళ్లలో మునిగి చూసి వస్తుంది. అతను తల అడ్డంగా ఊపుతాడు.

"రెండు కాళ్లూ కర్రల్లా పెట్టాను పిన్నీ. నా కాలు నాకు తెలీదా?"

"బ్రేకు తొక్కుతున్నావు నాయనా."

"నీళ్లలో బ్రేకెందుకు తొక్కుతాను?"

"అదే నేనూ అడుగుతున్నాను!"

సోమవారం పొద్దున ఆవిడకి విసుగొచ్చింది. కొలను ఆఫీసు బీరువాలో ఎప్పుడో కొని మరిచిపోయిన కెమెరా ఒకటి ఉంది. నీళ్లలోనూ ఫొటోలు తీస్తుంది. పసుప్పచ్చగా, సబ్బుబిళ్లంత ఉంటుంది. దాన్ని పట్టుకుని అతని పక్కనే మునిగింది. మూడుసార్లు మునిగి మూడుసార్లూ మొహం ముడుచుకుని పైకి వచ్చింది.

"రెండు ఫొటోలు తియ్యగానే ఎర్రలైటు వెలిగించుకుని కూర్చుంటోందండీ. మింగింది అరిగించుకునేలోపు నా ఊపిరి అయిపోతోంది. ఇతగాడి కాలు వంగే వేళకి ఇది నిద్రపోతోంది."

లోపల ఉన్న మెమరీ కార్డు పాతది, అందుకే ఇలా ఏడుస్తోందని ఆఫీసు గుమస్తా తేల్చాడు. "సాయంత్రం మంచి కార్డు ఒకటి పట్రండి," అని మా ఆవిడ నాకు పని చెప్పింది.

మంచిదంటే పెద్దదని నా లెక్క. గొడుగుల్లో అంతే కదా. చిన్న గొడుగు కింద పెద్దమనిషి తడుస్తాడు గానీ, పెద్ద గొడుగు కింద చిన్నపిల్లాడికి వచ్చే నష్టం ఏమీ లేదు. దుకాణం కట్టేసి కెమెరాల షాపుకి వెళ్లాను. షాపాయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, వాటినే బల్లంతా వెతుక్కుంటున్నాడు.

"నెత్తిన ఉన్నాయి బాబూ," అన్నాను.

"పొద్దుట్నుంచి మీరు నాలుగో మనిషి, ఆ మాట చెప్పడం. ఏం కావాలి పెద్దాయనా?"

"మెమరీ కార్డు. నీళ్లలో ఫొటోలు తీసే కెమెరాకి."

"ఏ మోడల్?"

"పసుప్పచ్చది."

"కెమెరా పట్టుకొస్తే చూసి ఇస్తాను."

"ఉన్నవాటిలో పెద్దది ఇచ్చెయ్యి. పెద్దదాంట్లో చిన్నది ఇముడుతుంది కదా."

వద్దని ఒకసారి చెప్పి చూశాడు. నేను వినలేదు. నూట ఇరవై ఎనిమిది జీబీ అట, గోరంత ముక్క. మా రెండువైపుల చుట్టాల ఫొటోలన్నీ పోసినా మూలకి కూడా రావని చెప్పాడు. నేను ఛాతీ విరుచుకుని ఇంటికి వచ్చాను.

కార్డు మార్చడం మా ఆవిడ ఇంట్లోనే చేస్తుంది, కొలను దగ్గర చెయ్యదు. కెమెరా మూత చుట్టూ సన్నటి రబ్బరు ఉంటుంది. దాని మీద ఒక్క వెంట్రుక పడినా నీళ్లు లోపలికి దారి చేసుకుంటాయి. అందుకని బల్ల మీద పొడి తువ్వాలు పరిచి, ఫ్యాను ఆపి, చేతులు తుడుచుకుని, అప్పుడు మూత తీస్తుంది. రబ్బరు తుడిచే పని నాది. గొడుగు గుడ్డ తుడిచే మెత్తటి బట్ట నా దగ్గర ఉంది కాబట్టి. అంత మర్యాద చేసి కొత్త కార్డు పెట్టి బటన్ నొక్కాము. ఈ కార్డు చదవలేనని తెరమీద రాసింది. తీసి, తుడిచి, మళ్లీ పెట్టాము. మళ్లీ అదే.

"మీరు షాపాయనకి కెమెరా చూపించారా?"

"పెద్దది అడిగాను."

"గొడుగు కొన్నట్టు కొన్నారన్నమాట," అని తువ్వాలు మడతపెట్టింది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. ఆవిడ చూపు గోడమీద కేలండర్ మీదికి పోయింది. శనివారానికి అయిదు రోజులు కూడా లేవు.

మంగళవారం మధ్యాహ్నం దుకాణానికి తాళం వేసి, కెమెరాని రుమాలులో చుట్టుకుని మళ్లీ వెళ్లాను. షాపాయన దాన్ని చేతిలోకి తీసుకుని, మూత లోపల చూసి, మొన్న చదువుకున్న పాఠంలా అప్పజెప్పాడు.

"ఇది పాతకాలం మనిషి పెద్దాయనా. ముప్పై రెండు దాటితే దీనికి లెక్క రాదు. మీరు కొన్నది వాపసు తీసుకుంటాను. అసలు మీ ఇబ్బంది చోటు చాలకా, ఆలస్యం అవుతోందా?"

"ఎర్రలైటు వెలుగుతోందట."

"అయితే ఆలస్యమే. చూడండి, జీబీలంటే గది ఎంత పెద్దదో చెప్తాయి. మీకు కావలసింది గుమ్మం వెడల్పు. ఇదిగో, ఈ గుండ్రంలో అంకె. ఆగకుండా ఎంతసేపు తియ్యాలి?"

"నలభై నామాలు."

"ఏమిటి?"

జపమాల తీసి చూపించి సంగతి చెప్పాను. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. కళ్లద్దాలు నుదుటినుంచి ముక్కు మీదికి దింపుకుని, సొరుగులోంచి మూడు కార్డులు తీసి బల్లమీద వరసగా పెట్టాడు.

"సెకన్లు నాకు తెలుసు, మీ నామాలు నాకు తెలీవు. మీరు అనండి. నేను బటన్ నొక్కి పట్టుకుంటాను. ఏది నలభై దాకా ఆగకుండా వస్తే అదే మీ కార్డు."

స్టూలు మీద కూర్చున్నాను. దేనికి ఫొటో తియ్యాలో తోచక అతను కెమెరా నా మొహానికే గురిపెట్టాడు. నేను కళ్లు మూసుకుని మొదలుపెట్టాను. మొదటి కార్డు, గుండ్రంలో నాలుగు అంకె ఉన్నది, ఏడో నామానికి ఆగిపోయింది. రెండోదాని మీద పది అని ఉంది. అది పద్నాలుగు దగ్గర ఆయాసపడి ఆగింది. "అంకె అచ్చు వెయ్యడానికేం, ఎవరైనా వేస్తారు," అని షాపాయన దాన్ని చెత్తబుట్టవైపు విసరబోయి, మనసు మార్చుకుని సొరుగులో పడేశాడు. మూడోదాని మీదా పదే ఉంది, పదహారు జీబీ. టిక్ టిక్ మని మొదలైంది. ఇరవై. ముప్పై. ఒకావిడ ఏదో కొనడానికి వచ్చి, ఇదేం షాపురా బాబూ అన్నట్టు గుమ్మంలోనే నిలబడిపోయింది. ముప్పై తొమ్మిది, నలభై. టిక్ టిక్ ఆగలేదు. యాభై దాకా వెళ్లి నేనే ఆపాను.

"ఇలాంటివి రెండు ఇయ్యి," అన్నాను.

"రెండెందుకు? ఒకటి చాలు."

"నా దుకాణంలో గొడుగు ఊచ ఒకటి విరిగితే రెండోది చేతికి అందేచోట ఉంటుంది బాబూ."

అతను ఆ మాట ఒప్పుకున్నాడు.

ఆ సాయంత్రం మళ్లీ తువ్వాలు పరిచాము. కెమెరా కార్డుని చప్పుడు లేకుండా మింగింది. షాపులో తీసినవి చెరిపెయ్యాలని మా ఆవిడ తెర వెలిగించింది. వేలితో ఒక్కొక్కటే జరుపుతోంది. ఉన్నట్టుండి భుజాలు ఊగడం మొదలైంది. నవ్వు ఆపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏమయింది?"

"మీరే చూడండి."

మొదటి అయిదారు ఫొటోల్లో నేను రెండు కళ్లూ మూసుకుని పెద్దమనిషిలా ఉన్నాను. ఆ తర్వాత ఎడమకన్ను సగం తెరుచుకుంది. ఓరగా కెమెరా వంకే చూస్తోంది. తర్వాతి దాంట్లోనూ అంతే. యాభైకి పైగా ఉన్న ఫొటోల్లో నలభై దాకా అదే కన్ను, అదే ఓరచూపు, కింద పెదాలు మాత్రం భక్తిగా కదులుతున్నాయి. పిల్లి దొంగగా పాలు తాగుతూ చూసినట్టుంది.

"ఇది ఆ షాపులో కొత్తచోటు కాబట్టి," అన్నాను. "రోజూ నేను కళ్లు మూసుకునే చేస్తాను."

"అవునా? మరి నేను నీళ్లలోంచి తల ఎత్తగానే జపం ఆపుతారు కదా, ఎవరు చెప్తారు మీకు?"

ఇరవై ఏళ్లలో ఆ ప్రశ్న నాకే తట్టలేదు. ఆవిడ తల పైకి వచ్చినప్పుడు నాకు తెలిసిపోయేది. ఎలా తెలిసేదో ఎప్పుడూ ఆలోచించలేదు. దేవుడే చెప్తున్నాడనుకున్నానేమో.

"నీకు ఇదివరకే తెలుసా?"

"మొదటి వారంలోనే తెలుసు."

"చెప్పలేదేం?"

ఆవిడ కెమెరా మూత మెల్లగా నొక్కి, రబ్బరు సరిగ్గా కూర్చుందో లేదో గోటితో చూసింది. "చెప్తే మూసేసుకుంటారని. నేను లోపల ఉన్నప్పుడు పైన ఒక కన్ను ఉండడం బాగుండేది."

ఆ మాట ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. ఒకవంక సంతోషంగా ఉంది, ఒకవంక సిగ్గుగా ఉంది. ఆ ఫొటోలు చెరిపెయ్యమన్నాను. చోటు చాలా ఉంది కదా, ఉండనివ్వండి అంది.

బుధవారం పొద్దున డ్రైవరు నీళ్లలోకి దిగాడు. మా ఆవిడ అతను సగం దాటేదాకా పైనే ఈదుతూ వెళ్లి, అక్కడ ఊపిరి నింపుకుని మునిగింది. నేను బెంచీ మీద నామం మొదలుపెట్టాను. ఈసారి నా ఎడమకన్ను ఏం చేస్తోందో నాకు స్పష్టంగా తెలుస్తోంది. మూద్దామని చూశాను. మూతపడదే! ముప్పై ఆరు దగ్గర ఆవిడ తల పైకి వచ్చింది. చెయ్యెత్తి బొటనవేలు చూపించింది.

ఆఫీసు గదిలో కంప్యూటరు ముందు నలుగురం నిలబడ్డాము, గుమస్తాతో కలిపి. డ్రైవరు ఒంటి మీది నీళ్లు నేలంతా కారుతున్నాయి. ఫొటోలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. నీలం నీళ్లు, అడుగున తెల్ల పలకలు, మధ్యలో అతని రెండు కాళ్లు తిన్నగా. మరో నాలుగు ఫొటోలు జరిగాక కుడి మోకాలు వంగింది. పాదం అడ్డం తిరిగి, వేళ్లు బిగుసుకుని, కిందికి దిగింది. ఆ పక్క ఫొటోలో ఇంకాస్త. అక్కడ బ్రేకు పెడలు లేకపోవడమే ఆశ్చర్యం.

డ్రైవరు మొహం ఎర్రబడింది. "కెమెరా కోణం అలా ఉంది పిన్నీ. నీళ్లలో కర్ర పెట్టినా వంకరగానే కనబడుతుంది."

"ఎడమకాలు తిన్నగా కనబడుతోందిగా?"

"అది కెమెరాకి దగ్గరగా ఉంది. నేను ఇరవై రెండేళ్లు నడిపాను, ఒక్క గీత పడలేదు బండికి. నా కాలు నా మాట వినదంటే ఎలా నమ్ముతాను?" తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "మీ అందరికీ నామీద నమ్మకం లేదు. గోడౌనే రాసిపెట్టి ఉంటే అదే వెళ్తాను."

గుమ్మం దాకా వెళ్లిపోయాడు. మా ఆవిడ పిలవలేదు. నావంక చూసింది, అంతే. ఆ చూపుకి అర్థం నాకు తెలుసు. ఆవిడ నోటితో అడగదు. అడిగితే నేను కాదనేవాడినేమో కూడా.

"డ్రైవరూ, ఒక్క నిమిషం ఉండు నాయనా," అన్నాను. "అదే కార్డులో ఇంకో వింత ఉంది. చూసి వెళ్లు."

గుమస్తా నా ఫొటోలు తెరిచాడు. అంత పెద్ద తెరమీద నా కన్ను గొడుగంత కనబడింది. గుమస్తా ముందు నవ్వి, తర్వాత దగ్గు తెచ్చుకున్నాడు.

"ఇరవై ఏళ్లుగా కళ్లు మూసుకుని జపం చేస్తున్నానని చెప్పుకుంటున్నాను," అన్నాను. "నిన్న సాయంత్రం దాకా ఎవరైనా కాదంటే వాళ్లతో మాటలు మానేసేవాడిని. ఇది కోణం కాదయ్యా. నా కన్నే."

డ్రైవరు దగ్గరికి వచ్చి చూశాడు. ఒకటి, రెండు, పది ఫొటోలు చూశాడు. పెదవి బిగబట్టాడు. బిగబట్టినవాడు పడిపడి నవ్వాడు.

"బాబాయ్, మీరు జపం చేస్తూనే, అద్దంలోంచి వెనక బండిని చూసినట్టు చూస్తున్నారు!"

"చూస్తున్నాను. తెలిసి చెయ్యలేదు. భయం ఉన్నచోట ఒళ్లు దాని పని అది చేసుకుపోతుందనుకుంటాను. నాకు ఆవిడ పైకి రాదేమోనని భయం. నీకేం భయం?"

అతను నవ్వు ఆపాడు. తువ్వాలు చివర మెలిపెట్టాడు. "సగం దాటాక అడుగు లోతుగా కనబడుతుంది బాబాయ్. పల్లంలోకి బండి దిగుతున్నట్టు ఉంటుంది," అన్నాడు.

"పల్లం వస్తే బ్రేకు తొక్కుతాడు కదండీ ఎవరైనా," అంది మా ఆవిడ. గొంతు మెత్తబడింది. "రా నాయనా, నీళ్లలోకి. ఇంకా గంట ఉంది."

ఆ గంటా, గురువారం, శుక్రవారం ఆవిడ అతని చేత ఒకటే పని చేయించింది. కాళ్లు ఆడించినప్పుడల్లా రెండు బొటనవేళ్లూ ఒకదాన్నొకటి రాసుకోవాలి. మోకాలు వంగితే వేళ్లు కలవవు. కళ్లు అడుగువైపు చూడకూడదు. "వేళ్లు ఒకదాన్నొకటి అడుగుతున్నాయా, నువ్వు ఉన్నావా అని?" అని కేకేసేది. "అడుగుతున్నాయి పిన్నీ!" అని నీళ్లు ఉమ్మేసి జవాబిచ్చేవాడు. రోజూ ఆఖర్న ఫొటోలు. గురువారం మోకాలు సగం వంగింది. శుక్రవారం ఒక్కసారే.

శనివారం పరీక్షకి ఈలతో ఒకాయన, అవసరమైతే అందించడానికి పొడుగాటి గడతో ఇంకొకాయన వచ్చారు. నేర్పినవాళ్లు నీళ్లలోకి దిగకూడదు, నోరెత్తకూడదు. మా ఆవిడ వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చుంది. ఇరవై ఏళ్లలో ఆవిడ ఆ బెంచీ మీద కూర్చోవడం అదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నా జపమాల కొస పట్టుకుంది.

ఈల మోగింది. డ్రైవరు బయలుదేరాడు. పది మీటర్లు, ఇరవై. నేను నామం అంటున్నాను, రెండు కళ్లూ తెరిచే. ముప్పై. ముప్పై అయిదు దగ్గర నీళ్ల చప్పుడు మారింది. కుడివైపు నురుగు ఆగింది. నడుము కాస్త కిందికి దిగింది. గడ ఉన్నాయన రెండడుగులు ముందుకేశాడు. పక్కన చూస్తే మా ఆవిడ ఊపిరి బిగబట్టి ఉంది, ఒడ్డున కూర్చుని! నేను లెక్క మరిచిపోయాను. ఎన్నో నామమో తెలియదు, ఎంతసేపో తెలియదు. పేరు ఒక్కటే మిగిలింది.

అప్పుడు నురుగు రెండువైపులా ఒక్కలా లేచింది. నడుము పైకి వచ్చింది. నెమ్మదిగా, పాత బస్సు ఎత్తు ఎక్కినట్టు, మూలుగుతూ ముక్కుతూ వెళ్లి ఆ చివర గోడకి చెయ్యి ఆనించాడు. ఈల రెండోసారి మోగకముందే తల ఎత్తి, కొలను దద్దరిల్లేలా అరిచాడు.

"లాస్ట్ స్టాప్! అందరూ దిగాలి!"

మా ఆవిడ అప్పుడు ఊపిరి వదిలింది.

పడవ మీద చేరాక అతను ఒకసారి మా దుకాణానికి వచ్చాడు, గొడుగు పిడి ఊడిందని. పిడి ఒక సాకు మాత్రమే. కుడికాలు వంగిన ఫొటో అచ్చు వేయించి స్టీరింగు ఎదురుగా అంటించుకున్నాడట. "ఈ పడవకీ బ్రేకు లేదు బాబాయ్. ఊరికే నేల తొక్కుతుంటే పక్కనున్నవాడు నవ్వుతున్నాడు," అన్నాడు.

నా ఫొటో మా ఆవిడ కెమెరా సంచీలో ఉంది. రెండో కార్డు ఇంకా కాగితం కూడా విప్పకుండా బల్ల సొరుగులో ఉంది. రోజూ పొద్దున ఆవిడ మునుగుతుంది, నేను నామం మొదలుపెడతాను. కొన్నాళ్లు పట్టుదలగా రెండు కళ్లూ గట్టిగా మూసి చూశాను. ఆవిడ పైకి వచ్చి గట్టు పట్టుకుని, "ఏమండీ, నిద్రపోతున్నారా?" అని అడిగింది. అడిగిన తీరు నాకు నచ్చలేదు. మర్నాటినుంచి ఎడమకన్నుని దాని ఇష్టానికి వదిలేశాను. నామం ఎవరి కోసమో, చూపు ఎవరి మీదో దేవుడికి తెలియనిది కాదు. ఇప్పటిదాకా ఆయన అభ్యంతరం చెప్పలేదు.